యోహాన్ కోఆట్స్ (1822–1918): కొలతల గొలుసుతో కొండలెక్కి, 92 ఏళ్ల వయసు దాకా అడవికి కాపలా ఉన్న స్విస్ ఫారెస్టర్

కొండగాలి | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం పాడేరు, చింతపల్లి కొండల్లోనే గడిచింది. పాత సర్వేయర్ల జీవితాలు ఎక్కడ దొరికినా వదలకుండా చదువుతాను. అలా దొరికిన మనిషే యోహాన్ కోఆట్స్. మొదట సర్వేయర్, తర్వాత ఫారెస్టర్. ఈయన గురించి తెలుగులో ఎక్కడా ఏమీ కనపడలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పుట్టింది 1822 మే 31న, ఆంట్‌వెర్ప్‌లో. అప్పటికి బెల్జియం అనే దేశమే లేదు, ఆ ఊరు నెదర్లాండ్స్ రాజ్యంలో ఉండేది. తండ్రి డచ్చి సైన్యంలో కొలువు చేసే స్విస్ అధికారి. కుటుంబానిది స్విట్జర్లాండ్ తూర్పు కొసన ఉన్న గ్రౌబుండెన్ రాష్ట్రం, ఎంగాడిన్ లోయ. పిల్లాడు కూర్ పట్టణంలో చదువుకుని, 1841లో జర్మనీలోని తారాంట్ అటవీ కళాశాలలో చేరాడు. ఆ కళాశాల పెట్టిన హైన్‌రిష్ కోటా అప్పటికింకా బతికే ఉన్నాడు. అడవిని కొలిచి, లెక్కగట్టి, ఏ ఏడు ఎంత నరకాలో ముందే రాసిపెట్టుకోవడం అనే పద్ధతి నేర్పిన మొదటి తరం గురువుల్లో కోటా ఒకడు.

చదువైపోయి వచ్చేసరికి సొంత రాష్ట్రంలో ఫారెస్టు ఉద్యోగాలు పెద్దగా లేవు. 1844లో జనరల్ డ్యుఫూర్ నడిపే దేశపటం పనిలో చేరాడు. స్విట్జర్లాండ్ మొత్తాన్ని లక్షకు ఒకటి స్కేలులో, 25 షీట్లలో గీసిన పటం అది. కోఆట్స్ వంతుకు వచ్చినవి గ్రౌబుండెన్ కొండలు, అంటే హిమానీనదాలు, ఎవరూ ఎక్కని శిఖరాలు. 1847లో స్విస్ రాష్ట్రాల మధ్య చిన్న అంతర్యుద్ధం వచ్చినప్పుడు డ్యుఫూరే సేనాపతి, కోఆట్స్ ఆయన కార్యదర్శి. నెల తిరక్కుండానే యుద్ధం ముగిసింది. కుర్రాడు మళ్లీ తన కొండలకు వెళ్లిపోయాడు.

ఇక 1850 సెప్టెంబర్ 13. కోఆట్స్‌కి 28 ఏళ్లు. వెంట సర్వే పనిలో తోడుండే ఇద్దరు అన్నదమ్ములు, యోన్, లోరెంజ్ రాగుట్ చార్నర్. పొద్దున్నే బయల్దేరి, మంచు పగుళ్లతో నిండిన హిమానీనదం దాటుకుంటూ సాయంత్రం 6 గంటలకు పిజ్ బెర్నీనా శిఖరం మీద నిలబడ్డారు. ఎత్తు 4,049 మీటర్లు. తూర్పు ఆల్ప్స్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన కొండ అదొక్కటే. అంతకుముందు అక్కడ మనిషి కాలు పడలేదు. పక్కనున్న కనుమ పేరు మీద ఆ శిఖరానికి పిజ్ బెర్నీనా అని పేరు పెట్టింది కూడా కోఆట్సే. దిగింది వెన్నెల్లో, అర్ధరాత్రి దాటాక.

ఒక సర్వేయర్‌గా చెప్తున్నాను. సాయంత్రం ఆరింటికి శిఖరం మీద ఉన్నామంటే ఎవరికైనా టెన్షనే. పాడేరు ఘాట్‌లో చీకటి పడేలోపు క్యాంపుకి చేరకపోతే మా గుమస్తాలు హనుమాన్ చాలీసా మొదలుపెట్టేవాళ్లు. అక్కడ తాడు, ముళ్ల బూట్లు, లాంతరు కూడా సరిగ్గా లేని రోజులు.

కానీ నేను ఇది రాస్తున్నది శిఖరం కోసం కాదు. ఆ మరుసటి ఏడాది, 1851లో, ఈయన పటాల పని వదిలి రాష్ట్ర అటవీ అధికారి అయ్యాడు. అక్కడి నుంచి 1914 దాకా, అరవై మూడేళ్లు, అదే పని. మిగతాది రేపు రాస్తాను. అడవుల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కలవండి.

జూరిఖ్_వాసి | శనివారం, రాత్రి 11:05

కొండగాలి గారూ, నేను పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. కోఆట్స్ పేరు మీద ఒక కొండ గుడిసె ఉంది సార్. చమన్నా కోఆట్స్ అంటారు, చమన్నా అంటే రొమాన్ష్ భాషలో గుడిసె. రోసెగ్ లోయ పైన 2,610 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కొండలెక్కేవాళ్లు రాత్రి పడుకోవడానికి. నేనూ ఒకసారి వెళ్లాను. ఆ పేరు ఎవరిదో అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వచ్చే నెల మా పాపకి సెలవులు. ఈసారి తెలుసుకుని వెళ్తాం. మిగతాది తప్పకుండా రాయండి.

కూపులైన్ | ఆదివారం, ఉదయం 7:40

నమస్తే అండీ. నేను ఫారెస్టు డిపార్టుమెంటులో రేంజి ఆఫీసరుగా రిటైరయ్యాను. కోఆట్స్ పేరు ట్రైనింగులో ఒక్కసారి విన్నాను, మంచు చరియల పాఠంలో. మన కొండల్లో మంచు లేదు కదా అని ఎవరం పట్టించుకోలేదు.

మీరు కొండ గురించి రాశారు, నేను 1851 తర్వాత సంగతి చెప్తాను. గ్రౌబుండెన్‌లో అడవి ఎక్కువగా ప్రభుత్వానిది కాదు, ఊళ్లది. గ్రామసంఘాల సొత్తు. ఊరివాళ్లే కలప కొట్టుకుంటారు, మేకలు తోలుకుంటారు, పశువుల కింద పరవడానికి రాలిన ఆకులు, పైన్ లాంటి చెట్ల సూదాకులు ఊడ్చుకుపోతారు. పై నుంచి వచ్చిన అధికారి మాట ఎవరు వింటారు? అందుకని కోఆట్స్ మొదట చేసిన పని చట్టం చదవడం కాదు, గ్రామ ఫారెస్టర్లను తయారుచేయడం. ఊరి కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, అడవి లెక్కలు రాయించి, వర్కింగ్ ప్లాన్లు, అంటే ఏ ఏడు ఎక్కడ ఎంత నరకాలో రాసుకునే ప్రణాళికలు, పెట్టించాడు. 1873 దాకా 22 ఏళ్లు అదే పని. మన భాషలో చెప్పాలంటే బీటు, అంటే ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్క, ఆ స్థాయి నుంచి కట్టుకుంటూ వచ్చాడు.

నేను పనిచేసిన రోజుల్లో వర్కింగ్ ప్లాన్ అంటే పై ఆఫీసులో బీరువాలో ఉండే పుస్తకం. బీటు గార్డుకి అందులో తన బీటు గురించి ఏం రాశారో తెలిసేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. కోఆట్స్ ఆ పుస్తకాన్ని ఊరి ఫారెస్టరు చేతిలో పెట్టాలనుకున్నాడు.

కొండగాలి | ఆదివారం, ఉదయం 10:15

కూపులైన్ గారూ, మీరు వచ్చారు, నాకు కొండంత ధైర్యం. ఇక అసలు విషయానికి వస్తాను.

ఆల్ప్స్‌లో ఊళ్లు లోయ అడుగున ఉంటాయి. పైన ఏటవాలు, ఆ ఏటవాలు మీద అడవి, అడవి పైన గడ్డి, దాని పైన మంచు. చలికాలంలో మంచు పేరుకుని ఒక్కసారిగా జారితే ఊరు ఉండదు. అడవి దట్టంగా ఉంటే మంచు అసలు జారడమే మొదలవదు. ఒక్కో చెట్టు ఒక్కో మేకు, మంచు దుప్పటిని నేలకి బిగించి ఉంచుతుంది. కొమ్మల మీద పడిన మంచు ముద్దలు ముద్దలుగా కింద పడుతుంది కాబట్టి పొరలు పొరలుగా గట్టిపడదు.

ఈ సంగతి అక్కడి రైతులకి ఏనాడో తెలుసు. ఆండర్‌మాట్ ఊరి పైన ఒక అడవి ముక్క ఉంది. దాని కొమ్మ విరవకూడదని 1397లోనే ఊరివాళ్లు కట్టడి రాసుకున్నారు. కానీ 19వ శతాబ్దం వచ్చేసరికి గనులకి, ఇనుప కొలిమిలకి, పెరిగే పట్టణాలకి కలప కావాల్సి వచ్చింది. ఏటవాలు నేలలు బోడివైపోయాయి.

కోఆట్స్ చేసిన రెండు పనులు నన్ను కట్టిపడేశాయి.

ఎంగాడిన్ లోయ కింది భాగంలో మార్టీనా ఊరి పైన, మొట్టా దాల్ప్ అనే చోట, 1860ల చివర్లో ఏటవాలు మీద వరుసలుగా రాతి గోడలు కట్టించాడు. మంచు చరియ కింద పడ్డాక ఆపడానికి కాదు, పైన పుట్టేచోటే పట్టుకోవడానికి. స్విట్జర్లాండ్‌లో ఒక పద్ధతి ప్రకారం కట్టిన తొలి అడ్డుకట్టల్లో ఇవి లెక్క. అంతకుముందు ఇంటి వెనక ఓడ ముక్కులాంటి గోడ కట్టుకుని మంచు రెండుగా చీలిపోతుందిలే అనుకునేవాళ్లు.

రెండోది, ప్రతి మంచు చరియ దారినీ కాగితం మీద పెట్టించడం. ఎక్కడ పుడుతుంది, ఏ ఒర్రె మీదుగా వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎన్నేళ్లకోసారి వస్తుంది. ఈ లెక్కలు రాసింది ఊళ్లలోని ఫారెస్టర్లే. ఆ సమాచారమంతా కలిపి 1881లో స్విస్ ఆల్ప్స్ మంచు చరియల మీద పుస్తకం తెచ్చాడు. తర్వాత ఇంకా ముప్పై ఏళ్లు సేకరించి, 1910లో, 88 ఏళ్ల వయసులో, గణాంకాలతో మరో పెద్ద పుస్తకం. సర్వేయర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! కొలవనిదే నమ్మలేదు ఆయన.

చదువరి_నల్గొండ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నేను ఫారెస్ట్రీ డిగ్రీ చదువుతున్నా. మాకు అటవీ చట్టాల పేపర్‌లో స్విస్ చట్టం గురించి రెండు లైన్లే ఉన్నాయి, 1876 అని సంవత్సరం ఒక్కటే గుర్తు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో, కోఆట్స్‌కి దానితో సంబంధం ఏంటో చెప్తారా సార్? మన దేశంలో బ్రాండిస్ 1864లో అడవులకి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు కదా, అలాంటి పదవేనా?

కూపులైన్ | ఆదివారం, సాయంత్రం 5:10

బాబూ, మంచి ప్రశ్న వేశావు. అలాంటి పదవే. కాకపోతే మన బ్రాండిస్ కన్నా పదకొండేళ్లు వెనక.

1868 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఆల్ప్స్‌లో మహా వరదలు వచ్చాయి. టిచీనో, గ్రౌబుండెన్, సాంక్ట్ గాలెన్, వాలిస్, ఊరి అనే రాష్ట్రాలు దెబ్బతిన్నాయి. యాభై మంది దాకా చనిపోయారు. దేశమంతా చందాలు పోగుచేసింది. ఆ డబ్బు మొత్తం పంచేయకుండా కొంత భాగం కొండవాగులకు కట్టలు వేయడానికి, మొక్కలు నాటడానికి పక్కన పెట్టారు.

దీనికి ముందే నేల సిద్ధమై ఉంది. కాస్ట్‌హోఫర్ అనే బెర్న్ ఫారెస్టరు శతాబ్దం మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. 1843లో ఫారెస్టర్లు సంఘం పెట్టుకున్నారు. 1855లో జూరిఖ్ పాలిటెక్నిక్ పెట్టినప్పుడే అందులో అటవీ విభాగం కూడా తెరిచారు. అక్కడ ప్రొఫెసర్ అయిన ఎలియాస్ లాండోల్ట్ కొండ అడవులన్నీ తిరిగి 1862లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు, అడవి పెరిగేదాని కన్నా నరికేదే ఎక్కువని. వరద వచ్చాక ఆ నివేదిక అందరికీ గుర్తొచ్చింది. 1874లో కొత్త రాజ్యాంగంలో 24వ అధికరణం పెట్టి, ఎత్తైన కొండల్లో నీటి కట్టల మీద, అడవుల మీద పర్యవేక్షణ కేంద్రానికి ఇచ్చారు. 1875లో కేంద్రంలో ప్రధాన అటవీ ఇన్‌స్పెక్టర్ పదవి పెట్టి కోఆట్స్‌ని పిలిచారు. అంతకుముందు రెండేళ్లు ఆయన సాంక్ట్ గాలెన్ రాష్ట్రంలో అదే పనిలో ఉన్నాడు. 1876 మార్చి 24న చట్టం వచ్చింది.

చట్టంలో గుండెకాయ ఒక్కటే. అడవి విస్తీర్ణం తగ్గకూడదు. అనుమతి లేకుండా అడవిని చదును చేయకూడదు, చేస్తే అంత మేర వేరేచోట పెంచాలి. ఊళ్లను కాపాడే ఏటవాలు నేలల మీది అడవుల్ని రక్షక అడవులుగా గుర్తించాలి. మొక్కలు నాటే ఊళ్లకు కేంద్రం డబ్బు ఇవ్వాలి. మొదట కొండ ప్రాంతాలకే వర్తించింది, 1902లో దేశమంతటికీ విస్తరించారు. మనం ఇప్పుడు చెప్పుకునే కాంపెన్సేటరీ అఫారెస్టేషన్ అనే మాట వెనక ఉన్న ఆలోచన వాళ్లకి అప్పటికే ఉంది.

చట్టం రాయడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. నడిపింది కోఆట్స్. 53వ ఏట ఆ కుర్చీలో కూర్చుని 39 ఏళ్ల తర్వాత లేచాడు.

అడవితల్లి_బిడ్డ | ఆదివారం, రాత్రి 8:45

అందరికీ వందనాలు. మాది రంపచోడవరం వైపు. నేను టీచర్ని. ఆసక్తిగా చదువుతున్నాను కానీ ఒక విషయం అడక్కుండా ఉండలేను. అడవిని కాపాడిన గొప్పవాడి కథ వచ్చినప్పుడల్లా, ఆ అడవి మీద బతికినవాళ్లు ఏమయ్యారనే మాట రాదు. మేకలు తోలకూడదు, ఆకులు ఊడ్చకూడదు అంటే, ఆవు కొనలేని పేదవాడికి మేకే కదా పాడి? అక్కడా ఇదే జరిగి ఉండాలి.

మా తాతల కాలంలో 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే రంపలో చిగురుపన్ను (కల్లు గీత మీద వేసిన పన్ను) మీద ఫితూరీ, అంటే తిరుగుబాటు, నడిచింది. తర్వాత అడవి రిజర్వు అయ్యింది, పోడు నేరమైంది, కట్టెపుల్లకి గార్డు చెయ్యి తడపాల్సి వచ్చింది. 1922లో అల్లూరి వెంట జనం నడిచారంటే అందులో ఈ మంట కూడా ఉంది. కాబట్టి 1876 చట్టం గొప్పది అంటే నాకు వెంటనే చప్పట్లు కొట్టాలనిపించదు. తప్పుగా అనుకోవద్దు.

కూపులైన్ | ఆదివారం, రాత్రి 9:30

టీచర్ గారూ, తప్పుగా అనుకోవడం ఏముంది. నేను యూనిఫాం వేసుకుని తిరిగినవాణ్ణి, మీరన్నది కళ్లారా చూశాను. మీరు అడిగింది అక్కడ కూడా నిజమే. మేకల మీద ఆంక్షలకి ఆల్ప్స్ పేదలు గట్టిగా ఎదురు తిరిగారు. ఫారెస్టర్లు రాసిన కాగితాల్లో మేక ఎప్పుడూ శత్రువే. మేకను పేదవాడి ఆవు అని అక్కడా అనేవాళ్లు.

కానీ ఒక తేడా ఉంది, పెద్ద తేడా. అక్కడ చట్టం వచ్చాక కూడా అడవి ఊరిదే. ప్రభుత్వం ఎలా నరకాలో చెప్పింది, పట్టా లాక్కోలేదు. మన దగ్గర గీత గీసి, ఇవాళ్టి నుంచి ఇది సర్కారుది అన్నారు. ఊరు లోపల ఉన్నా సరే.

జూరిఖ్_వాసి | ఆదివారం, రాత్రి 11:50

దీనికి నేను సాక్ష్యం చెప్పగలను. ఇప్పటికీ స్విస్ అడవిలో దాదాపు 70 శాతం ప్రజల ఉమ్మడి ఆస్తి, అందులో ఎక్కువ భాగం గ్రామాలది, పౌర సంఘాలది. మా ఊరి అడవిలో కూడా ఊరి ఫారెస్టర్ ఉంటారు. క్రిస్మస్‌కి ముందు చెట్లు అమ్ముతారు. ఏ చెట్టు కొట్టబోతున్నారో ముందే రంగు గుర్తు పెడతారు. ఎందుకు కొడుతున్నారని పిల్లలు అడిగితే నిలబడి చెప్తారు. ఎవరి అడవైనా సరే, ఎవరైనా లోపలికి వెళ్లి నడవొచ్చు, పుట్టగొడుగులు, పండ్లు ఏరుకోవచ్చు. ఆ హక్కు దేశ పౌరస్మృతిలోనే ఉంది.

అడవితల్లి_బిడ్డ | సోమవారం, ఉదయం 6:55

పుట్టగొడుగులు ఏరుకోవడం హక్కుగా రాశారా! మా పిల్లలకి ఇవాళ క్లాసులో చెప్తాను. కూపులైన్ గారూ, మీ మాటకి దండం. ఊరి అడవిగానే ఉంచి నడిపారంటే నా అభిప్రాయం కొంత మారింది. మేకలవాళ్ల గోడు మాత్రం మర్చిపోవద్దు.

చదువరి_నల్గొండ | సోమవారం, మధ్యాహ్నం 1:20

లైబ్రరీలో కూర్చుని చదివాను. ఒక సందేహం. అడవులు నరకడం వల్లే 1868 వరద వచ్చిందని అప్పటి ఫారెస్టర్లు చెప్పారు. ఈ మధ్య చరిత్రకారులు మాత్రం ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోవట్లేదు. దక్షిణం నుంచి తేమ గాలి వచ్చి రోజుల తరబడి అసాధారణంగా వాన కురిసింది, మాగియోరె సరస్సు నీటిమట్టం నమోదైన వాటిలోనే అత్యధిక స్థాయికి పోయింది, అంత వానకి దట్టమైన అడవి ఉన్నా వరద ఆగేది కాదు అంటున్నారు. పైగా కొండ జనం అడవి పాడుచేశారనే నింద మైదానం పట్టణాలవాళ్లు వేసింది అనీ అంటున్నారు. మరి చట్టం తప్పు కారణం మీద వచ్చినట్టా?

ఇంకోటి. అడవి తిరిగి పెరగడానికి చట్టం ఒక్కటే కారణం కాదట. రైళ్లొచ్చి బొగ్గు చవగ్గా దొరికాక కట్టెల అవసరం తగ్గింది. కొండ మీద మేత మానేసిన చోట చెట్లు వాటంతటవే వచ్చేశాయి.

కొండగాలి | సోమవారం, రాత్రి 8:00

బాబూ, నువ్వు చదివింది సరైనదే. నేనూ ఈయన మీద ప్రేమతో రాస్తున్నాను కాబట్టి చెప్పాల్సిన బాధ్యత ఉంది. పెద్ద వరద విషయంలో ఆ తరం ఫారెస్టర్లు అడవికి ఉన్న శక్తిని ఎక్కువ చేసి చెప్పారు. రోజుల తరబడి కుండపోత కురిస్తే నేల నానిపోతుంది, తర్వాత పడిన ప్రతి చుక్కా కిందికే.

కానీ మంచు చరియల విషయంలో, రాళ్లు దొర్లడం విషయంలో, చిన్న వాగుల కోత విషయంలో వాళ్లు చెప్పింది నిలబడింది. ఇవాళ స్విస్ అడవుల్లో దాదాపు సగాన్ని రక్షక అడవిగానే లెక్కేస్తారు. కోఆట్స్ రాతి గోడల స్థానంలో ఇప్పుడు ఉక్కు చట్రాలు వచ్చాయి. ఆలోచన అదే, మంచు పుట్టేచోటే పట్టుకోవాలి. చట్రాల నీడన మొక్కలు నాటుతారు, అవి ఎదిగాక పని వాటికి అప్పజెప్పుతారు.

నాకు ఆయనలో నచ్చేది ఇదే. సిద్ధాంతం ఎక్కడ తప్పినా, లెక్క మిగిలింది. ఫలానా ఏడు ఫలానా ఒర్రెలో మంచు ఫలానా బండ దాకా వచ్చింది అని ఒక ఊరి ఫారెస్టరు రాసిన ముక్క ఈరోజుకీ పనికొస్తుంది. ఇల్లు ఎక్కడ కట్టుకోవచ్చో, ఎక్కడ కూడదో గీత గీసేటప్పుడు పాత చరియల రికార్డు చూస్తారు. నేను గీసిన ఫీల్డ్ మ్యాపులు చాలావరకు చెదలు తినేశాయని మొన్న తెలిసింది. ఆ రోజు అన్నం సహించలేదు.

సరుగుడు_తోట | సోమవారం, రాత్రి 9:15

అన్నలందరికీ నమస్కారం. మాది దివిసీమ. మంచు ఎప్పుడూ చూడలేదు కానీ ఈ మాటలు నాకు బాగా అర్థమవుతున్నాయి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా నాన్న వైపు ముగ్గురు పోయారు. తర్వాత తీరం వెంట సరుగుడు నాటారు. మడ అడవి ఉన్నచోట అల తాకిడి తగ్గుతుందని మా పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పేవాళ్లు. చెట్టుని గోడలా చూడటం అంటే మాకు కొత్త కాదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ ఎత్తులో ఏ చెట్లు పెట్టేవాళ్లు? మా దగ్గర ఒకే రకం సరుగుడు వరసగా పెడితే గాలివానకి ఒకేసారి పడిపోయిన తోటలు చూశాను.

కూపులైన్ | మంగళవారం, ఉదయం 7:30

తమ్ముడూ, అనుభవంతో అడిగావు. కింద స్ప్రూస్, కొంచెం పైకి లార్చ్, చిట్టచివర ఆర్వె అనే పైన్ చెట్టు. లార్చ్ చలికాలంలో సూదులు రాల్చేస్తుంది. ఆర్వె మాత్రం నిదానంగా, వందల ఏళ్లు బతికే చెట్టు. దాని గింజలు బరువు, గాలికి ఎగరవు. నట్‌క్రాకర్ అనే పక్షి చలికాలం కోసం ఆ గింజల్ని నేలలో గుంటలు గుంటలుగా దాచిపెట్టుకుంటుంది. తినగా మిగిలినవి మొలకెత్తుతాయి. గింజలు తినేస్తుందని ఫారెస్టర్లే చాలాకాలం ఆ పక్షిని కాల్చి చంపారు. అడవిని పైకి పైకి నాటుకుంటూ పోతున్నది అదేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు స్విస్ నేషనల్ పార్కు గుర్తు ఆ పక్షే.

ఒకే రకం పెడితే ప్రమాదమని వాళ్లూ దెబ్బతిని నేర్చుకున్నారు. మొదటి తరంలో స్ప్రూస్ వరసలు ఎక్కువ పెట్టారు, తర్వాత కలగలుపు అడవి మీద, వయసు తేడాలున్న చెట్ల మీద మనసు పెట్టారు. మీ తీరంలో కూడా సరుగుడు మధ్య స్థానిక చెట్లు కలిపితే మంచిదే.

కొండగాలి | మంగళవారం, రాత్రి 9:05

నేషనల్ పార్కు మాట వచ్చింది కాబట్టి. 1905లో కోఆట్స్, వృక్షశాస్త్రవేత్త కార్ల్ ష్రోటర్ కలిసి ఎంగాడిన్ కింది భాగంలోని స్కార్ల్ లోయ మీద పుస్తకం రాశారు. ఆ లోయ పైన టమంగుర్ అనే ఆర్వె అడవి ఉంది. అంత ఎత్తులో ఆ చెట్ల అడవి ఐరోపాలో అరుదు. మరుసటి ఏడాది దేశంలో ప్రకృతి రక్షణ కమిషన్ ఏర్పడితే అందులో కోఆట్స్ సభ్యుడయ్యాడు. 1909లో త్సెర్నెత్స్ గ్రామం నుంచి క్లుఓజా లోయను కౌలుకి తీసుకున్నారు. ఇక్కడ కూడా గ్రామం నుంచే, టీచర్ గారు గమనించాలి. 1914 ఆగస్టు 1న నేషనల్ పార్కు మొదలైంది. ఆ సంవత్సరమే ఆయన పదవి దిగాడు.

ఒక్కసారి ఆలోచించండి. జీవితమంతా అడవిని ఎలా నరకాలి, ఎలా నాటాలి అని చెప్పిన మనిషి, చివర్లో ఒక అడవిని ముట్టుకోకుండా వదిలేయడం కోసం నిలబడ్డాడు. నరకొద్దు, నాటొద్దు, మేపొద్దు. ఫారెస్టరు నోటి నుంచి ఆ మాట రావాలంటే ఎంత పెద్ద మనసు కావాలి!

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ బోడి నేల మీద మొదట ఏ మొక్కలు వస్తాయో 1887లోనే ఆయన రాశాడు. అంతేకాదు, హిమానీనదం అంచు ఏటా ఎంత జరిగిందో కొలిచే పని 19వ శతాబ్దం చివర్లో అటవీ శాఖలవాళ్ల చేతికి వచ్చింది. నేటికీ చాలా హిమానీనదాల దగ్గర ఆ కొలత తీసేది ఫారెస్టర్లే. వందేళ్లకు పైగా తెగని వరస. ప్రపంచానికి వేడెక్కడం గురించి చెప్పిన పాత సాక్ష్యాల్లో ఈ కొలతలూ ఉన్నాయి.

1918 ఆగస్టు 18న కూర్ పట్టణంలో కన్నుమూశాడు. 96 ఏళ్లు. రైలు లేని కాలంలో పుట్టి, విమానాలు బాంబులు వేసే యుద్ధం దాకా చూశాడు.

చదువరి_నల్గొండ | మంగళవారం, రాత్రి 10:40

సార్, నేను సెమినార్‌కి ఈయన్నే తీసుకుంటున్నాను. వరద గురించిన వాదన, మేకల సంగతి రెండూ పెడతాను. థాంక్యూ అందరికీ.

జూరిఖ్_వాసి | ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:10

కొండగాలి గారూ, వెళ్లొచ్చాం. కోర్వాచ్ కేబుల్ కారు మధ్య స్టేషన్‌లో దిగి, కొండ భుజం మీదుగా నడిచి కోఆట్స్ గుడిసెకి చేరాం. మా పాపకి తొమ్మిదేళ్లు, సగం దారిలో ఇంకెంత దూరం అని మొదలుపెట్టింది. ఆ తాత నీ వయసుకి పదింతలు వచ్చేదాకా ఉద్యోగం చేశాడమ్మా అన్నాను. కాసేపు మాట్లాడకుండా నడిచింది.

గుడిసె కింద ఒక సరస్సు ఉంది. కోఆట్స్ పటం గీసిన రోజుల్లో అది సరస్సు కాదు, మంచు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం.

మర్నాడు మోర్టెరాచ్ వెళ్లాం. అది పిజ్ బెర్నీనా కింద ఉన్న హిమానీనదం. రైల్వే స్టేషన్ నుంచి మంచు వైపు నడుస్తుంటే దారి పక్కన సంవత్సరాలు రాసిన పలకలు వస్తాయి, ఆ ఏడాది మంచు ఇక్కడ ఉండేది అని. మొదటి పలకల దగ్గర లార్చ్ చెట్లు మన తలల పైకి ఉన్నాయి. ముందుకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టివవుతాయి. చివర్లో ఉత్త రాళ్లు, వాటి మధ్య గులాబీ రంగు పూల మొక్కలు. మీరు రాసింది చదవకపోతే ఆ పూలను ఫొటో తీసుకుని వచ్చేసేవాణ్ణి.

చివరి పలకలకు కొంచెం ఇవతల రెండు రాళ్ల సందులో ఒక లార్చ్ మొక్క కనపడింది. మా పాప పక్కన నిలబడి చూసుకుంది. సరిగ్గా మోకాలి దాకా ఉంది.

కొండగాలి | సోమవారం, ఉదయం 5:45

బాబూ, కళ్లు చెమర్చాయి. పాపకి నా ఆశీస్సులు. ఒక్క పని చేయండి. ఆ మొక్క ఏ పలక నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, దారికి ఎడమా కుడా, పక్కన గుర్తుపట్టడానికి ఎలాంటి బండ ఉంది, మర్చిపోకముందే కాగితం మీద రాసి తేదీ వేసి పెట్టండి. వచ్చే ఏడు వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లి పాప చేత కొలిపించండి. ఇక్కడ రాస్తే నేను పుస్తకంలో ఎక్కించుకుంటాను.